ఫ్రిజ్‌కు అమావాస్య

మా ఫ్రిజ్ మోటారు ఆగితే, చేతిలో ఏ పనున్నా ఆగి వింటాను. అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు ఆగేదో, ఎప్పుడు మొదలయ్యేదో ఒక్కరోజు కూడా పట్టించుకున్న పాపాన పోలేదు. దాన్ని మినీ బస్సులోకి ఎక్కించాక మొదలైంది నాకీ జబ్బు.

మాది ఎమ్మిగనూరు, నేత ఇల్లు. మామ మగ్గం మీద కూర్చుంటారు. ఆయన నేసినవీ, మా వీధిలో మరికొన్ని ఇళ్ళవాళ్ళు నేసినవీ మా ఆయన ఊళ్ళు తిరిగి అమ్ముతాడు. దుప్పట్లు, తువ్వాళ్ళు, చీరలు. గూడూరు, సి.బెళగల్, కోసిగి, ఎటువైపు జాతర ఉంటే అటు మూటలు కట్టుకుని పోవడం, దొరికిన చోట పడుకోవడం, రావడం. అలా తిరిగి తిరిగి విసుగెత్తి, ఆదోనిలో ఒక బడివాళ్ళు వదిలించుకున్న పాత మినీ బస్సు కొన్నాడు. ఎవరెవరో బండినే ఇల్లు చేసుకుని, కరెంటు తీగ కనిపించని చోట్ల హాయిగా వండుకు తింటూ ఉండటం ఫోన్లో చూశాడు. ఇక ఆయన్ని పట్టుకోవడం నా వల్ల కాలేదు. సీట్లు పీకించాడు. ఒక పక్క బట్టలకు అరలు, ఒక పక్క పడుకోడానికి బల్లలు, వెనక గ్యాస్ పొయ్యి పెట్టించాడు. ఎండాకాలం సెలవుల్లో అందరం కలిసే పోదాం, పాప కూడా నాలుగు ఊళ్ళు చూస్తుంది అన్నాడు. నేను రానన్నాను.

మొండితనంతో అన్న మాట కాదు, భయంతో అన్నది. పాపకు అప్పుడు తొమ్మిదేళ్ళు. అంతకు ముందు ఏడాదే దానికి షుగరు బయటపడింది. పెద్దవాళ్ళు మాత్రలు మింగే షుగరు కాదు, పిల్లలకు వచ్చే సూదుల షుగరు. తిండికి ముందు ఇన్సులిన్ వెయ్యాలి. వెయ్యకపోతే రక్తంలో చక్కెర ఎక్కుతూ పోతుంది, వాంతులు అవుతాయి, మగత కమ్ముతుంది. ఆ పైన ఏమవుతుందో డాక్టరమ్మ ఒక్కసారే చెప్పింది. రెండోసారి చెప్పే అవసరం రాలేదు, నాకు ప్రతి అక్షరం గుర్తుంది. ఆ మందు చల్లగా ఉండాలి. గడ్డ కట్టకూడదు, వేడెక్కకూడదు. మా వైపు ఎండలకు రేకు బస్సులో దాన్ని చల్లగా ఉంచడమంటే మాటలా? ఐసు పెట్టె తీసుకుపోదాం అన్నాడు మా ఆయన. నేను వంటింట్లో ఫ్రిజ్ వైపు వేలు చూపించి, అది వస్తే నేనూ వస్తాను అన్నాను. ఎగతాళికన్న మాట. ఆయన దాన్ని నిజం చేసి కూర్చున్నాడు.

ఇంట్లో వాడే ఒంటి తలుపు ఫ్రిజ్‌ను బస్సులో నిలబెట్టి, మగ్గం తాళ్ళతోనే గోడకు బిగించాడు. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. ఇంటి దీపాలకు వాడే చిన్న ఇన్వర్టర్ తగిలించి స్విచ్ వేస్తే మోటారు ఒక్కసారి మూలిగింది, ఇన్వర్టర్ కీచుమంది, అంతా ఆగిపోయింది. ఫ్రిజ్ మోటారు నడిచేటప్పుడు తాగేది తక్కువేననీ, లేచేటప్పుడు మాత్రం ఒక్క గుక్కలో చాలా లాగేస్తుందనీ ఆదోనిలో బ్యాటరీల షాపతను చెప్పాడు. ఆ గుక్కను తట్టుకునే పెద్ద ఇన్వర్టర్ వచ్చింది. బల్ల కింద రెండు పెద్ద బ్యాటరీలు, బస్సు మీద సోలార్ పలకలు వచ్చాయి. పగలు ఎండ బ్యాటరీలను నింపుతుంది, రాత్రి అవి ఫ్రిజ్‌ను నడుపుతాయి. చెప్పుకోడానికి అంతే.

కానీ బస్సును నీడలో పెడితే పలకలకు ఎండ తగలదు. ఎండలో పెడితే బస్సు పెనంలా కాలిపోయి ఫ్రిజ్ ఆగకుండా తిరుగుతుంది, రాత్రికి బ్యాటరీలో ఏమీ మిగలదు. ఏ ఊళ్ళో దిగినా మా ఇద్దరికీ మొదటి గొడవ ఇదే. నీడ అని నేను, ఎండ అని ఆయన. చివరికి పలకల కింద సందు వదిలి, బస్సు నెత్తిన పాత దుప్పట్లు పరిచి, ఎండలోనే నిలపడానికి ఒప్పుకున్నాను. ఫ్రిజ్‌లో ఖాళీ లేకుండా నీళ్ళ సీసాలు నింపాను. ఒకసారి చల్లబడ్డాయంటే మోటారు కాసేపు ఆగినా అవి చల్లదనాన్ని పట్టుకుని ఉంటాయి. పాప తిండి వేళకు తప్ప తలుపు తెరవకూడదు. గుర్తుకోసం పిడికి ఒక చీర అంచు ముక్క ముడివేశాను. ఆ ముడి విప్పేది నేనే, వేసేదీ నేనే. మా ఆయన చల్లటి నీళ్ళడిగితే కుండ చూపించేదాన్ని. ఫ్రిజ్‌ను ఊరేగిస్తూ కుండనీళ్ళు తాగేది మేమొక్కరమేనని ఆయన అందరికీ చెప్పుకుని నవ్వేవాడు. లోపలి వేడి బయటికి తెలియడానికి వైరున్న చిన్న థర్మామీటరు ఒకటి తెప్పించాను. వంట చేస్తున్నా, బట్టలు మడత పెడుతున్నా నా చూపు దాని అంకె మీదే ఉండేది. అది ఒక్క అంకె పెరిగినా చేతిలో పని వదిలి ఇన్వర్టర్ దీపం చూసుకునేదాన్ని.

మాతో మామ కూడా వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, మగ్గం చప్పుడు లేకపోతే నిద్రపట్టని మనిషి. అలాంటాయన మనవరాలి కోసం ఎండాకాలమంతా మగ్గం వదిలి బస్సెక్కారు. పాపకు సూది వేసేటప్పుడు మాత్రం దిగిపోయి అటు తిరిగి నిలబడేవారు, చూడలేరు. ఇన్వర్టర్ నుంచి కాలిన వాసన వస్తే ఏ మీట నొక్కి ఆపాలో మా ఆయన ఆయనకు నేర్పించాడు. అంతకు మించి ఆ సామాన్లతో మామకు పనేం లేదు.

ఇక అమావాస్య సంగతి. అమావాస్య నాడు మా ఇళ్ళల్లో మగ్గం నేయరు. పొద్దున్నే మగ్గాన్ని తుడిచి, విభూతి పెట్టి, కుంకుమ పెట్టి, పూలు పెట్టి, గుడ్డ కప్పేస్తారు. నెలంతా మనకోసం ఆడిన మగ్గానికి ఆ ఒక్కరోజు విశ్రాంతి. మామ అంతటితో ఊరుకోరు. నూలు కండెలు చుట్టే రాట్నానికీ సెలవే, కత్తెరకూ సెలవే. ఒకసారి మిక్సీకి బొట్టు పెట్టి పక్కన పెట్టేస్తే, ఆ రోజు చట్నీ నేను రోట్లో నూరాను. నూరుతూ తిట్టుకున్నాను కూడా.

ఆ ఎండాకాలం కోసిగి దాటి ఒక గుట్ట కింద అమావాస్య జాతరకు దిగాం. పెద్ద పెద్ద బండలు, ముళ్ళ చెట్లు, దున్ని వదిలేసిన చేలు. కరెంటు లేదు. ఫోను మోగాలంటే గుట్ట మీది బండెక్కాలి. జాతర జరిగే చోటికి కాస్త ఎడంగా బస్సు నిలిపి, జాతరలో ఒక పందిరి కింద బట్టలు పరిచాం. మొదటిరోజే దుప్పట్లు అయిపోయాయి. ఇంకొన్ని తెస్తానని అమావాస్య పొద్దున్నే మా ఆయన పక్క అంగడివాళ్ళ బండి తీసుకుని ఆదోనికి పోయాడు. నేను పాపకు సూది వేసి, తినిపించి, ముడి బిగించి, పాపను వెంటబెట్టుకుని పందిరికి పోయాను. బస్సుకు మామను కాపలా ఉంచాను. వాడుతున్న మందు సీసా నా సంచీలో ఉండాల్సింది నిజానికి. ఆ ఎండకు సంచీ కంటే ఫ్రిజ్ నయమనుకుని అన్నీ అందులోనే పెట్టాను. అమావాస్య అని నాకూ తెలుసు. ఫ్రిజ్ కూడా మగ్గం వంశంలో చేరిపోయిందన్న సంగతే తెలీదు.

మధ్యాహ్నం పాపకు ఆకలేస్తోందంటే బస్సు దగ్గరికి వచ్చాం. మామ ముళ్ళచెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని కునుకు తీస్తున్నారు. బస్సు అద్దాలన్నీ మూసి ఉన్నాయి. తలుపు లాగితే లోపలి వేడి మొహాన కొట్టింది. మెట్టు మీద కాలు పెట్టి ఆగాను. చప్పుడు లేదు. ఇన్వర్టర్ గాలి చప్పుడు లేదు, మోటారు లేదు, ఏదీ లేదు.

లోపలికి చూస్తే ఇన్వర్టర్ మీద మూడు విభూతి రేఖలు, కుంకుమ బొట్టు, ఒక గన్నేరు పువ్వు. దాని పచ్చ దీపం ఆరిపోయి ఉంది. ఫ్రిజ్‌కూ బొట్టు పెట్టి ఉంది. నా చీర అంచు ముడి విప్పి శుభ్రంగా మడిచి పైన పెట్టి ఉంది. తలుపు తెరిచి, మూసుకుపోకుండా సందులో తువ్వాలు కుక్కి ఉంది. అద్దంలోంచి ఎండ సూటిగా వచ్చి తలుపు అరలో పడుతోంది. మందు సీసాలు పెట్టేది ఆ అరలోనే. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నా కేకకు మామ లేచి వచ్చారు. ఎందుకు ఆపారని అడిగాను. ఆయనకు నా గొంతులో ఏముందో ఇంకా అర్థం కాలేదు, నెమ్మదిగానే చెప్పారు.

"అమాస కదమ్మా. రేయీ పగలూ తిరుగుతానే ఉండాది అది. మగ్గానికిచ్చినట్టే దీనికీ ఒక పూట రెస్టు ఇచ్చినా. వాసనొస్తాదని నువ్వు ఇంట్లో తలుపు తెరిసి పెడతావు గదా, అట్లనే పెట్టినా."

నిజమే. ఇంట్లో ఫ్రిజ్ కడిగిన ప్రతిసారీ ఆపేసి, తలుపు సందులో తువ్వాలు కుక్కేది నేనే. ఆయన చూసి నేర్చుకున్నారు. మా ఊళ్ళో కరెంటు పూటల తరబడి పోయినా పాప మందుకు ఏమీ కాకపోవడం కూడా ఆయన చూశారు. మూసిన తలుపు వేరు, తెరిచిన తలుపు వేరు అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇదంతా తర్వాత ఆలోచించుకున్నది. అప్పుడు మాత్రం ఒక కోడలు మామను అనకూడనివన్నీ అన్నాను. పాప నా కొంగు పట్టుకుని, ఆకలేస్తోంది అంది.

మీట నొక్కాను. మోటారు ఒక్క మూలుగు మూలిగి లేచింది. ఫ్రిజ్ చల్లబడటానికి ఇంకెన్ని గంటలు పడుతుందో. సీసాలు చేతిలోకి తీసుకుంటే టీ గ్లాసులా వెచ్చగా ఉన్నాయి. వెలుతురుకు ఎత్తి చూశాను. ఎప్పుడూ నీళ్ళలా తేటగా ఉండే మందులో సన్నటి పోగు లాంటిది తేలుతోంది. రెండోదీ అంతే. రెండూ బల్ల మీద పెట్టేశాను. అడుగున కూరల డబ్బాలో, తడిగుడ్డ చుట్టిన కొత్తిమీర కింద ఎప్పుడో విడిగా దాచిన సీసా ఒకటుండాలి. వెతికి తీశాను. అది మరీ అంత వేడిగా లేదు. ఎత్తి చూస్తే తేటగానే ఉంది. తేటగా ఉంటే మంచిదేనని నాకు చెప్పేదెవరు?

పాపను చంకనెత్తుకుని గుట్టెక్కాను. తొమ్మిదేళ్ళ పిల్లను ఎత్తుకోవాల్సిన పనిలేదు, అది నడుస్తానంటూనే ఉంది. దింపడానికి నాకు చేతులు రాలేదు. బండ కాలుతోంది. మా ఆయనకు చేస్తే మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. ఎత్తాక నేను నోరు తెరిచేలోపే పాప ఫోను లాక్కుని, "నానా, నా మందు ఎండకు పాడైపోయింది, కొత్తది తే" అని చెప్పింది. తర్వాత ఆదోని డాక్టరమ్మకు చేశాను. పోగు తేలినవి పారెయ్యమంది. తేటగా ఉన్నది ఎప్పుడూ వేసేంతే వేసి, గంటగంటకూ షుగరు మిషన్‌తో చూస్తూ ఉండమంది. ఎక్కువ మాత్రం వెయ్యొద్దంది. మందు చచ్చి ఉంటే షుగరు ఎక్కుతుంది, బతికి ఉండి ఎక్కువ వేస్తే పడిపోతుంది, రెండూ ముప్పే. నీళ్ళు బాగా తాగించమంది. వాంతి అయినా, ఊపిరి వేగం పెరిగినా ఏ బండి దొరికితే ఆ బండిలో తీసుకొచ్చెయ్యమంది.

కిందికి దిగి సూది వేశాను. వేసేటప్పుడు మామ ఈసారి అటు తిరగలేదు. కాస్త అన్నం పెట్టాను. ఇక ఎదురుచూడటమే.

పాప చెట్టు కింద నా ఒళ్ళో పడుకుంది. జాతర డప్పులు వినిపిస్తున్నాయి. మొదటిసారి వేలు గుచ్చి చూస్తే అంకె ఎక్కింది. అన్నం తిన్నది కదా, ఎక్కుతుందిలే అనుకున్నాను. రెండోసారి ఇంకా ఎక్కింది. పాప నీళ్ళడిగింది. ఇచ్చాను. వెంటనే మళ్ళీ అడిగింది. మొదటిసారి షుగరు బయటపడినప్పుడు కూడా ఇలాగే నీళ్ళు నీళ్ళు అని ఏడ్చేది, ఎండాకాలం కదా అని మేం కుండ దాని మంచం పక్కన పెట్టాం. అది గుర్తొచ్చింది. దాని కళ్ళు మూతలు పడుతున్నాయి. మధ్యాహ్నం నిద్రా, మగతా? లేపాను. లేచింది. మళ్ళీ మూసింది, మళ్ళీ లేపాను. "నిద్రపోనీమ్మా" అని విసుక్కుంది. విసుక్కుంటోందంటే బాగానే ఉందన్నమాట అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఊపిరి వేగంగా ఉందేమోనని దాని పొట్ట మీద చెయ్యి వేసి లెక్కపెట్టాను, డప్పుల చప్పుడుకు లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాను.

మామ నీడలోకి రాలేదు. బస్సు చక్రం పక్కన ఎండలోనే గొంతుక్కూర్చున్నారు. నేను పిలవలేదు. ఆయనకు వడదెబ్బ తగిలితే ఏమిటన్న ఆలోచన వచ్చింది, వచ్చినా లేవలేదు. కోపం ఒక పక్క, భయం ఒక పక్క. ఆ రెండింటిలో ఒకదాన్నైనా పట్టుకుని కూర్చోకపోతే పడిపోతాననిపించింది. చాలాసేపటికి ఆయనే అడిగారు.

"పాపకేమన్నా అయితే నేను యాడికి పోవల్లమ్మా?"

నేనెక్కడికి పోవాలో నాకే తెలీదు.

మూడోసారి చూస్తే అంకె అక్కడే నిలబడి ఉంది. ఎక్కలేదు, దిగలేదు. మిషన్ చెడిపోయిందేమోనని నా వేలు గుచ్చుకుని చూసుకున్నాను. బాగానే చూపించింది. అప్పుడు దూరంగా చేల మధ్య దుమ్ము లేచింది. మా ఆయన బండి. వెనక దుప్పట్ల మూట లేదు. ఆయన మెడలో, తడి తువ్వాలు చుట్టిన ఫ్లాస్కు వేలాడుతోంది. ఆయన గుట్టెక్కి డాక్టరమ్మను మళ్ళీ అడిగొచ్చాక, ఆమె చెప్పిన లెక్క ప్రకారం కొత్త మందు వేశాం. పొద్దు గుట్ట వెనక్కి దిగేసరికి పాప అంకె దిగింది. అది లేచి కూర్చుని, జాతరలో రంగులరాట్నం ఎక్కుతానని గొడవ మొదలుపెట్టింది. నేను దాన్ని గట్టిగా పట్టుకుని ఏడ్చాను. మా ఆయన కూడా అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తేట సీసాలోని మందు చచ్చిందో, సగం చచ్చిందో, చక్కగానే ఉందో నాకు ఇప్పటికీ తెలీదు.

మామ మాత్రం ఆ రాత్రి అన్నానికి రాలేదు. నేను పిలవలేదు, మా ఆయన పిలిచినా కదల్లేదు. పాప పోయి ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని చెప్పింది.

"తాతా, మగ్గానికైతే అమాస ఉండాది. నా షుగరుకు లేదు తాతా."

ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పాప లేచి చెయ్యి పట్టుకుని లాగితే వచ్చి, నాలుగు ముద్దలు తిన్నారు.

తర్వాతి అమావాస్యకు మేం సి.బెళగల్ పక్కన ఒక చేని గట్టున ఉన్నాం. నేను పొద్దున్నే లేచి ఇన్వర్టర్ దగ్గరే కూర్చున్నాను. మామ స్నానం చేసి, విభూతి పళ్ళెం పట్టుకుని బస్సు మెట్టు దాకా వచ్చారు. పైకి ఎక్కలేదు. పళ్ళెం పాప చేతికిచ్చి, నువ్వే పెట్టు, నేను ముట్టను అన్నారు. పాప ఇన్వర్టర్‌కు పెట్టింది, ఫ్రిజ్‌కు పెట్టింది. సరిగ్గా అప్పుడే మోటారు ఆగింది. చల్లబడితే దానంతటదే ఆగుతుంది, కాసేపటికి దానంతటదే లేస్తుంది. అది నాకు తెలుసు. అప్పటికి మామకూ ఎన్నోసార్లు చెప్పాం. అయినా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది, ఎందుకంటే ఆయన నన్నే చూస్తున్నారు.

ఇప్పటికీ అంతే. బస్సులో అందరం కూర్చుని ఉండగా మోటారు ఆగుతుంది. పాప, మా ఆయన కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు, వాళ్ళ చెవికి అది ఆనదు. మామ చేతిలో కాఫీ గ్లాసు నోటి దాకా వచ్చి అక్కడే నిలబడిపోతుంది. నా చేతిలో మడత పెడుతున్న దుప్పటి సగంలో ఆగిపోతుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ వింటాం. ఆయన మీద నా కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. ఇలా విన్న ఏదో ఒకసారి పోయి ఉంటుంది.

మోటారు మూలిగి లేస్తుంది. మామ కాఫీ తాగుతారు.